తొక్కినవాడికి కూలి, దాచినవాడికి లాభం

కొత్త బియ్యం కంటే పాత బియ్యానికి ధర ఎక్కువ. అన్నం వండే ప్రతి ఇల్లాలికీ ఈ సంగతి తెలుసు. కానీ ఆ ఎక్కువ ధర పండించినవాడి చేతికి వస్తుందా? కళ్లంలోనే కాటా పెట్టి అప్పు తీర్చుకునే రైతుకు పాత బియ్యం అమ్ముకునే యోగం ఎక్కడిది? వడ్లు అవే, నేల అదే, చెమటా అదే. మధ్యలో గడిచిన ఏడాదికి ధర కట్టుకున్నవాడు మాత్రం గోదాము ఉన్నవాడు.

సరుకును నిలవపెట్టడమే లాభంగా మారే ఈ పద్ధతి పరాకాష్ఠకు చేరిన వ్యాపారం ఒకటుంది. అది పోర్చుగల్ దేశపు పోర్టు వైను వ్యాపారం. అక్కడ నిలవ ఒక ఏడాది కాదు, పదేళ్లు, ఇరవై ఏళ్లు, నలభై ఏళ్లు. ఆ నిలవ ఎవరు పెట్టాలో, ఎవరు పెట్టకూడదో చెప్పే చట్టాలు కూడా అక్కడ పుట్టాయి.

కూలీల శీర్షికలో తాగుడు సంగతులేమిటని కొందరు అడగొచ్చు. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించిన గడ్డ మనది. తాగమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. సీసాలోని మత్తు గురించి కాదు, సీసా వెనకున్న లెక్క గురించి చెప్పుకుందాం. మన దగ్గర గోవా పోర్టు పేరుతో అమ్మే తీపి వైను వేరు. అది గోవాను పోర్చుగీసువాళ్లు 1961 దాకా ఏలిన కాలపు పేరు. అసలు పోర్టు వైను ఉత్తర పోర్చుగల్‌లోని డౌరో నది లోయలో పండిన ద్రాక్షతోనే తయారవుతుంది.

కొండను తొలిచిన చేతులు

డౌరో నది స్పెయిన్‌లో పుట్టి, పోర్చుగల్ గుండా పారి, పోర్టో నగరం దగ్గర అట్లాంటిక్ సముద్రంలో కలుస్తుంది. ఆ ఊరి పేరే వైనుకు వచ్చింది. తోటలు మాత్రం ఊరికి దూరంగా, నదికి ఎగువన నిట్రమైన కొండవాలుల మీద ఉన్నాయి. అక్కడ మట్టి లేదు, పలకలుగా చీలే రాయి ఉంది. గునపాలతో, మందుగుండుతో ఆ రాయిని పగలగొట్టి, ఆ రాళ్లతోనే గోడలు కట్టి, మెట్లు మెట్లుగా మళ్లు చేశారు. ఈ పనికి కొండ ఊళ్ల పేదలూ, పక్కనున్న స్పెయిన్‌లోని గలీసియా ప్రాంతపు వలస కూలీలూ వచ్చారు. 1860 దశకంలో ఫిలాక్సెరా అనే వేరుపురుగు సోకి తోటలు ఎండిపోయాయి. అప్పుడు పాడుబడిన మెట్లు కొన్ని ఇప్పటికీ అట్లాగే ముళ్లపొదలు పట్టి ఉన్నాయి. మిగిలినవాటిని పురుగుకు తట్టుకునే అమెరికా వేళ్ల మీద అంటుకట్టి మళ్లీ నాటారు.

2001లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. చూడవచ్చినవాళ్లు ఎంత అందమైన కొండలని మెచ్చుకుంటారు. అది కొండ అందం కాదు, కూలీల పని.

పులిసేదాన్ని సగంలో ఆపడం

కల్లు సంగతి తెలిసినవాళ్లకు ఈ వైను తయారీ చెప్పడం తేలిక. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ తీపి తగ్గి ఘాటు పెరుగుతుంది. కంటికి కనిపించని ఈస్టు అనే సూక్ష్మజీవి తీపిని తిని ఆల్కహాలు చేస్తుంది. ద్రాక్షరసంలోనూ ఇదే జరుగుతుంది. దాన్ని అట్లా వదిలేస్తే తీపంతా అయిపోయి మామూలు వైను అవుతుంది. అందులో ఆల్కహాలు నూటికి పన్నెండు, పధ్నాలుగు పాళ్లు ఉంటుంది.

పోర్టుకు అట్లా వదలరు. రసంలో తీపి ఇంచుమించు సగం మిగిలి ఉండగానే, అంటే రెండు మూడు రోజుల్లోనే, ద్రాక్ష నుంచే బట్టీపెట్టి తీసిన ఘాటు సారా కలుపుతారు. ఆ సారాలో నూటికి 77 పాళ్లు ఆల్కహాలు. అంత ఘాటులో ఈస్టు బతకదు. అది తినగా మిగిలిన తీపి అట్లాగే నిలిచిపోతుంది. పాత లెక్క ప్రకారం 435 లీటర్ల రసానికి 115 లీటర్ల సారా. రెండూ కలిపితే 550 లీటర్లు, ఒక పీపా. వైను బలం నూటికి 19 నుంచి 22 పాళ్లకు చేరుతుంది. అందుకే తియ్యగానూ ఉంటుంది, ఘాటుగానూ ఉంటుంది, ఏళ్ల తరబడి చెడిపోదు.

పీపా అనే మాట మనం పోర్చుగీసు నుంచే తెచ్చుకున్నాం. మేస్త్రి అనే మాట కూడా అంతే. రెండూ ఈ కథలో వస్తాయి.

ఇట్లా సారా కలిపినవాటిని బలవర్ధక వైన్లు అంటారు. ఆ పేరు చూసి టానిక్కు అనుకోవద్దు. బలం వైనుకే గాని తాగినవాడికి కాదు. వీటిలో రకాలున్నాయి. స్పెయిన్‌లోని హెరెజ్ పట్టణపు షెర్రీ చాలావరకు పూర్తిగా పులిసిన తర్వాతే సారా కలిపేది. అందుకని దాంట్లో తీపి ఉండదు. పీపాలను వరసలు వరసలుగా పేర్చి, అన్నిటికన్నా పాతదాంట్లోంచి కొంత తీసి అమ్మి, ఆ వెలితిని దానికన్నా కొత్తదాంతో నింపుతారు. పాతది ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు. మదీరా దీవి వైనుకు వేడి తగిలేట్టు పెట్టి ముదరబెడతారు. పద్ధతులు వేరైనా పునాది ఒకటే: సరుకును కట్టేసి ఏళ్లపాటు కూర్చోగలిగిన డబ్బు ఉండాలి. హెరెజ్‌లో ఆ డబ్బు పక్కనే ఆకలి కూడా ఉండేది. 1892 జనవరి 8 రాత్రి వందలాది వ్యవసాయ కూలీలు ఆ పట్టణంలోకి చొరబడి తిరగబడ్డారు. తర్వాతి నెలలో నలుగురికి బహిరంగంగా మరణశిక్ష అమలు చేశారు.

తొట్టిలో మోకాలి లోతు

మళ్లీ డౌరోకు వద్దాం. రెండు మూడు రోజుల్లోనే పులియడం ఆపేస్తారు గదా, మరి ద్రాక్ష తొక్కలోని రంగూ వగరూ అంత తక్కువ టైములో రసంలోకి దిగాలంటే ఎట్లా? బాగా నలగాలి. గింజ మాత్రం పగలకూడదు, పగిలితే చేదు. దీనికి మనిషి కాలిని మించిన మర లేదని వాళ్లు చాలాకాలం నమ్మారు.

సెప్టెంబరులో కోతలు మొదలయ్యేవి. కొండ ఊళ్ల నుంచి ఒక మేస్త్రి వెంట ముఠాలు దిగేవి. ఆడవాళ్లు గుత్తులు కోసేవాళ్లు. మగవాళ్లు యాభై అరవై కిలోల బుట్టలు వీపుకెత్తుకొని, నుదుటికి పట్టీ తగిలించుకొని, మెట్లు దిగేవాళ్లు. ఆడకూలి మగకూలికన్నా తక్కువ. ఈ అన్యాయానికి దేశం పేరు అక్కర్లేదు, మన ఊళ్లోనూ చూస్తూనే ఉన్నాం. రాత్రి పడక కొట్టాల్లో, గడ్డి మీద.

పగలు మోసిన మగవాళ్లే రాత్రి నల్లరాతి తొట్టిలో దిగేవాళ్లు. మొదటి రెండు గంటలు భుజాల మీద చేతులేసుకొని ఎదురెదురు వరసలుగా నిలబడి, ఒకడు లెక్క చెబుతుంటే ఆ లెక్కకే అడుగు తీసి అడుగు వేయాలి. తొడల దాకా చల్లని గుజ్జు. వరస తప్పడానికి వీల్లేదు. ఆ తర్వాత వాయిద్యం మోగితే ఎవరి ఇష్టంగా వాళ్లు ఎగరొచ్చు. బొమ్మల్లో మనకు చూపించేది ఈ రెండో భాగమే. మొదటి రెండు గంటలు చూపించరు.

1960 దశకంలో జనం ఊళ్లు వదిలి ఫ్రాన్సుకూ, ఇతర దేశాలకూ కూలికి పోయారు. 1961 నుంచి 1974 దాకా ఆఫ్రికా వలసల్లో సాగిన యుద్ధానికి యువకుల్ని పట్టుకుపోయారు. తొక్కే కాళ్లు దొరకలేదు. అప్పుడు గాని యజమానులకు మరలు గుర్తుకు రాలేదు. 1990 దశకం చివరికొచ్చేసరికి కాలి అడుగును అనుకరించే యంత్రాలు కూడా వచ్చాయి. కొన్ని తోటల్లో మేలురకాలకు ఇప్పటికీ కాలితోనే తొక్కిస్తారు. ఇంకొకటి చూడండి: ఇవాళ యాత్రికులు డబ్బు కట్టి సరదాగా ఆ తొట్లలో దిగుతున్నారు! కోతలకు మాత్రం మళ్లీ కూలీల కొరతే. కాంట్రాక్టర్లు తెచ్చే విదేశీ కూలీల్లో మన భారతదేశం, నేపాల్ నుంచి పోయినవాళ్లూ ఉన్నారు.

చెక్కలో ఒకటి, గాజులో ఒకటి

చలికాలం గడిచాక వైను నది దిగి, పోర్టోకు ఎదురుగా ఉన్న విలా నోవా ద గాయా ఊరి గోదాములకు చేరేది. పూర్వం పీపాలను బల్లపరుపు పడవల మీద సుడిగుండాల మధ్య తెచ్చేవాళ్లు. ఇప్పుడు లారీలు తెస్తాయి. లోయలో ఎండ మండిపోతుంది. సముద్రపు గాలి తగిలే గాయాలో చల్లగా, తేమగా ఉంటుంది. వైను నిదానంగా ముదురుతుంది.

ఇక్కడే తరగతులు మొదలవుతాయి. పెద్ద తొట్లలో గాలి తగలకుండా రెండు మూడేళ్లు ఉంచి, ఎర్రరంగు పోకముందే సీసాకెత్తేది రూబీ. చౌకరకం ఇదే. చిన్న చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచితే, చెక్క సందుల్లోంచి గాలి సోకి, ఎరుపు వెలిసి తేనెరంగు తిరుగుతుంది. అది టానీ. దానిమీద 10, 20, 30, 40 అని వేస్తారు, 2022లో 50 కూడా చేర్చారు. 20 అని ఉంటే లోపలి ప్రతి చుక్కా సరిగ్గా ఇరవై ఏళ్లదని కాదు. లేతవీ ముదురువీ కలిపి ఇరవై ఏళ్ల గుణం తెస్తారు. ఆ గుణం వచ్చిందా లేదా అని ప్రభుత్వ సంస్థలో రుచి చూసే బృందం తేల్చాలి. ఒకే ఏడు పంటతో చేసి, కనీసం ఏడేళ్లు చెక్కలో ఉంచిన టానీని కొల్యైటా అంటారు. ఆ మాటకు అర్థం కోత.

అన్నిటికన్నా ఖరీదైన రకాల్లో వింటేజ్ ఒకటి. చాలా మంచి పంట పండిన ఏడే దీన్ని ప్రకటిస్తారు. రెండు మూడేళ్లకే సీసాకెత్తుతారు. ఆ తర్వాత అది గాజులోనే ఇరవై, ముప్పై, యాభై ఏళ్లు ముదురుతుంది, అడుగున మడ్డి దిగుతుంది. అదే జాతి వైనును నాలుగు నుంచి ఆరేళ్లు ఆగి సీసాకెత్తితే లేట్ బాటిల్డ్ వింటేజ్ అంటారు. తెల్లద్రాక్షతో చేసే పోర్టు కూడా ఉంది.

చెక్క పీపాలో వైను ఏటా కొంత ఆవిరవుతుంది. నూటికి రెండు పాళ్లు చొప్పున పోయినా ఇరవై ఏళ్లలో మూడోవంతు తరుగుతుంది. దీనికి వ్యాపారులు దేవదూతల వాటా అని ముద్దుపేరు పెట్టారు. దేవదూతలకు వాటా ఉంది, తొక్కినవాళ్లకు లేదు. మన యార్డుల్లో తరుగు రైతు లెక్కలో పడుతుంది. అక్కడ షావుకారు తరుగు సీసా ధరలో పడుతుంది.

నేలకు మార్కులు

1703లో ఇంగ్లండు, పోర్చుగల్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఇంగ్లండు ఉన్నిబట్టలు పోర్చుగల్‌లోకి రావాలి, పోర్చుగల్ వైన్ల మీద ఇంగ్లండులో ఫ్రాన్సు వైన్లకన్నా మూడోవంతు సుంకం తగ్గాలి. బట్టల మిల్లులు ఇంగ్లండులో పెరిగాయి, ద్రాక్ష తోటలు డౌరోలో పెరిగాయి. పోర్టోలో తిష్ఠ వేసిన ఇంగ్లీషు వర్తకులదే వ్యాపారం. ఈనాటికీ ఎన్నో సీసాల మీద టేలర్, గ్రాహమ్, శాండ్‌మన్ వంటి పేర్లే కనిపిస్తాయి.

ధరలు కూలిన కాలంలో, 1756 సెప్టెంబరులో, మంత్రి పొంబాల్ రాజుగారి ఆజ్ఞతో ఒక కంపెనీ పెట్టించాడు. పోర్టు పండే నేలకు హద్దులు గీసి, రాతి స్తంభాలు పాతించాడు. రసంలో రంగుకోసం కలిపే ఎల్డర్ పండ్ల చెట్లు పీకించాడు. వైన్లను ఎగుమతికి పనికొచ్చేవనీ, దేశంలో తాగేవనీ విడదీసి ధరలు కట్టించాడు. కల్తీ ఆగింది, నిజమే. కానీ ఆ హద్దులవల్ల పెద్ద తోటల వాళ్లూ కంపెనీ వాటాదార్లూ బాగుపడ్డారు. గుత్తాధిపత్యం మీద 1757 ఫిబ్రవరిలో పోర్టో జనం తిరగబడితే ప్రభుత్వం పలువురిని ఉరితీసింది.

1940 దశకం చివరలో తోటలకు మార్కులు వేసే పద్ధతి వచ్చింది. పన్నెండు అంశాలు చూస్తారు: తోట ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, వాలు ఎంత, నేల ఎట్లాంటిది, రాళ్లెన్ని, ఎండ ఏ దిక్కు, తీగ ఏ రకం, దాని వయసెంత, దిగుబడి ఎంత వగైరా. మొత్తం మార్కులను బట్టి తోటకు ఏ నుంచి ఎఫ్ దాకా తరగతి. అంతకన్నా దిగువ తోటకు పోర్టు చేసే అనుమతి లేదు. పన్నెండు అంశాల్లో కూలి రేటు మాత్రం లేదు.

ప్రతి ఏడూ కోతలకు ముందు, మొత్తం ఎన్ని పీపాల రసాన్ని పోర్టు చేయొచ్చో ప్రభుత్వ సంస్థలో రైతుల, వ్యాపారుల ప్రతినిధులు కూర్చొని తేలుస్తారు. తోట తరగతిని బట్టి రైతు కార్డు మీద అతని వాటా పడుతుంది. దీన్ని బెనిఫీసియు, అంటే మేలు, అంటారు. కార్డులో ఉన్నంత పండుకు మంచి ధర. మిగిలిన పండు అదే తీగది, అదే రుచిది అయినా ధర సగానికన్నా బాగా దిగువకు పడిపోతుంది. అందుచేత రైతు బతుకంతా ఆ కార్డు మీది అంకెలోనే ఉంది.

నిలవ పెట్టే హక్కు ఎవరిది?

అసలు కీలకం ఇక్కడుంది. రైతు తానే వైను చేసి, తానే నిలవపెట్టి, తానే అమ్ముకుంటే పోలేదా అని మీరు అడగొచ్చు. 1926 చట్టం ప్రకారం గాయాలో గోదాము ఉన్నవాడే పోర్టు ఎగుమతి చేయాలి. కనీసం ఇంత నిల్వ ఉండాలనీ, ఏటా నిల్వలో మూడోవంతే అమ్మాలనీ నియమాలు వచ్చాయి. నాణ్యత కోసమే అన్నారు. నాణ్యత నిలబడిన మాటా వాస్తవమే. కానీ మూడేళ్ల సరుకును కట్టేసి కూర్చోగలిగినవాడు ఎవడు? ఐదారెకరాల రైతా, బ్యాంకు దన్ను ఉన్న వర్తకుడా? 1986 దాకా లోయ నుంచి నేరుగా ఎగుమతి చేసే దారే లేదు. నియమం పైకి అందరికీ ఒకటే. నిచ్చెన అందరికీ ఒకటే అన్నారు, కింది నాలుగు మెట్లు తీసేశారు.

రైతులు ఊరుకోలేదు. 1915లో లమేగు పట్టణంలో ఇంగ్లండుతో చేసుకున్న వర్తక ఒప్పందానికి వ్యతిరేకంగా గుమిగూడినప్పుడు కాల్పుల్లో పలువురు ప్రాణాలిచ్చారు. 1932లో డౌరో రైతులందరికీ కాసా దో డౌరో అనే సంఘం ఏర్పడింది. అది నియంతృత్వ కాలంలో పుట్టిన నిర్బంధ సంఘమే అయినా, ధరలు పడిపోయినప్పుడు మిగులు వైను కొని నిలవపెట్టేది. 1990లో ఒక పెద్ద కంపెనీలో వాటాలు కొని అప్పుల్లో కూరుకుపోయింది. 2014లో ప్రభుత్వం దాని ప్రభుత్వ హోదా రద్దు చేసింది. పదేళ్లు పోరాడి రైతులు దాన్ని తిరిగి తెచ్చుకున్నారు. 2024 చివర మళ్లీ ఎన్నికలు జరిగాయి.

ఈలోగా కార్డు మీది అంకె తగ్గుతూ వచ్చింది. లోయ మొత్తానికి 2022లో 1,16,000 పీపాలు అనుమతిస్తే, 2023లో 1,04,000, 2024లో 90,000, 2025లో 75,000. మూడేళ్లలో మూడోవంతుకు పైగా కోత! ప్రపంచంలో పోర్టు తాగేవాళ్లు తగ్గారని కంపెనీలు అంటాయి. నిజమే కావచ్చు. కానీ ఆ తగ్గుదలను మోసేది ఎవరు? 2024లో కొన్ని కంపెనీలు ఏళ్ల తరబడి తమకు పండు పోసిన రైతులకు ఈసారి మీ పండు వద్దని చెప్పేశాయి. రైతులు రోడ్డెక్కారు. పోర్టులో కలిపే సారా చాలావరకు బయటి ప్రాంతాల నుంచి కొంటున్నారు, దాన్ని మా మిగులు ద్రాక్షతోనే తీయండి అన్నది వాళ్ల డిమాండు. న్యాయమైన డిమాండు. తమ పండు తీగ మీద ఎండుతుంటే, తమ పేరున్న వైనులో ఐదోవంతు పరాయి ద్రాక్ష సారా ఉండడమేమిటి?

ద్రాక్ష గుత్తి కోతకొచ్చాక వారం ఆగదు. తొట్టిలో రసం మూడు రోజులు ఆగదు. కూలివాడి పొయ్యి ఒక్క పూట ఆగదు. గోదాములో పీపా మాత్రం నలభై ఏళ్లు ఆగుతుంది. ఆగలేనివాళ్లంతా ఒకవైపు, ఆగగలిగినవాడు ఒక్కడు ఇంకోవైపు. బేరం ఎటు తెగుతుందో చెప్పడానికి చదువు అక్కర్లేదు.

మన మిర్చి గుంటూరు కోల్డ్ స్టోరేజీలో ఉన్నప్పుడు కూడా ఇదే లెక్క. అది ఎవరి పేరున ఉంది, ఎవరి అప్పు కింద ఉంది అని కౌలు రైతు అడగాలి. గిట్టుబాటు ధర అడగడం ఎంత అవసరమో, ఆ ధర వచ్చేదాకా ఆగగలిగే బలం కూడగట్టుకోవడం అంత అవసరం. ఉమ్మడి గోదాము, సరుకు మీద చౌక అప్పు, కోతకు ముందే కాగితం మీద ధర, కోసిన రోజే చేతికి కూలి: ఇవి నాలుగూ ఉంటే రైతూ ఆగగలడు, కూలీ ఆగగలడు. డౌరో రైతులు తమ సంఘాన్ని పదేళ్లు పోరాడి తిరిగి తెచ్చుకున్నది ఆ బలం కోసమే.